ఊరికే

జిరాక్సు అంగట్లో బెర్గెన్ పటం తీపిచ్చినా.
నలుపూ తెలుపే, సముద్రం గూడా బూడిద రంగే.
రైలు దిగితే రేవు దాకా
మన ఏడు రోడ్ల నుంచి అప్సర సర్కిలంత.
స్కేలు పెట్టి కొలిచినా. ఆటో అక్కర్లే.

నాలుగు దినాలు. ఒక్కదాన్నే.
లీవు లెటర్లో కారణం అనే కాడ
పెన్ను శానాసేపు ఆగింది.

టైలర్ ఖాదర్‌వలి కోటుకు లోపలి గుడ్డ ఏస్తా
"అంత చలా మేడం?" అన్యాడు.
కడప మే నెల
వాని ముక్కు కొన నుంచి
ఉన్ని మీదికి బొట్టు బొట్టుగా రాల్తాంది.

తెల్లారుజామున బుగ్గవంక వారధి మీద
కొత్త బూట్లు అలవాటు చేసుకుంటాండా.
ప్రతి బండీ ఆగుతుంది:
"యాడికి మేడం? ఎక్కండి, దింపుతా."
ఆసుపత్రికి, బ్యాంకుకు, పాలకు.
నలభై ఆరేండ్లు
నా కాళ్లు ఏదో ఒక పని పేరు చెప్పుకోనే
ఇంటి గడప దాటినాయి.

ఆ ఊర్లో వాన పడతానే ఉంటాదంట,
పని లేకున్నా.
తడిసేటోళ్లను ఎవరూ ఏమీ అడగరంట.

అయినా ఒక జవాబు సిద్ధం చేసుకున్యా,
పాస్‌పోర్టు పక్కన పెట్టుకోను.
ఈ పొద్దు పాల ఓబులేసు బండి ఆపితే
వాని మీదే పరీక్ష చేసినా:
"ఊరికే."

"యా ఊరికి మేడం?" అన్యాడు.