కొంగ మెడంత దూరం

పర్లాకిమిడి బస్టాండు పక్కన నా కొట్టు.
జెరాక్సు, పాన్ కార్డు, పాసుఫొటో, విమానం టికెట్టు.
ఇంతవరకు నేను విమానం ఎక్కలేదు.
ఎక్కేవాళ్ళ పేర్లలో అచ్చుతప్పులు మాత్రం దిద్దుతుంటాను.

రథయాత్ర వెళ్ళిన వారం దండపాణి మహారాణా వచ్చాడు.
కొమ్ముపని మనిషి. గోళ్ళ కింద నల్లటి పొడి,
దగ్గరికొస్తే కాలిన వెంట్రుకల వాసన.
బేరం తెలుగులో ఆడతాడు, విసుక్కోవడం ఒడియాలో.
సింగపూర్‌లో ఏదో చేతిపనుల సంతట.
పిలుపు కాగితాన్ని నాలుగు మడతలేసి
బీడీకట్ట వెనక దాచుకున్నాడు.

"ఎంత దూరముంటాది సుభద్రమ్మా?"
విశాఖ నుంచి రెండువేల తొమ్మిదివందల కిలోమీటర్లు, అటూ ఇటూగా.
"ఆ లెక్క నాకు తెలవదు. పొద్దు సెప్పు."
నాలుగు గంటలు.
కళ్ళు మూసుకుని గాలిలో దేన్నో తడిమాడు.
"అంటే ఒక కొంగ మెడ."

కొమ్ము నిప్పుసెగకి మెత్తబడాలి,
వంచాలి, ఆ వంపు ఆరేదాకా చెయ్యి తియ్యకూడదు.
తరవాత ఆకురాయి, గాజుపెంకు, బూడిద,
ఆఖరుకి ఉత్త అరచెయ్యి.
నాలుగు గంటలకి మెడ ఒక్కటే.
రెక్కలు మర్నాటికి.

"ఇక్కణ్నించి విశాఖకో?"
నరసన్నపేటలో గేదెలు అడ్డం రాకపోతే నాలుగున్నర.
పగలబడి నవ్వాడు.
అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుందన్నాక
నవ్వు ఆగిపోయింది.
"ఆ రెండున్నర ఎవడు తీసుకుంటాడు?"
ఎవరూ తీసుకోరు, తిరుగు ప్రయాణంలో ఇచ్చేస్తారు.
"రసీదు?"
టికెట్టు వెనక పెన్నుతో రాసిచ్చాను,
సంతకం కూడా పెట్టాను.

పదకొండు రోజులకి మళ్ళీ వచ్చాడు, టీ గ్లాసుతో.
నడిమి సీటంట. సముద్రం కనబళ్ళేదు.
ఎయిర్‌పోర్టు ట్రేలో కొంగ ముక్కు విరిగింది.
హోటల్ గదిలో జుట్టు ఆరబెట్టే మిషను వేడికి
మిగిలినదాన్నే సాగదీసి, అరగదీసి,
పొట్టి ముక్కు పెట్టాడు.
"ఆళ్ళకి తేడా తెలవలేదు. నాకు తెలుసు."
చేతి గడియారం తిప్పలేదు.
పర్లాకిమిడి టైముకే ఆకలేసింది,
అప్పటికి అక్కడ అన్నాలు అయిపోయేవి.

వచ్చేటప్పుడు మహేంద్రతనయ పొంగింది.
పాతపట్నంలో బస్సులు ఆపేశారు.
అవతల మన వీధిదీపాలు, కుక్కల అరుపులు,
ఎవరింట్లోనో పెళ్ళి మైకు.
కేకేస్తే పలుకుతారు, కాలు పెడితే తీసుకుపోతుంది నీళ్ళు.
రాత్రంతా బస్సులోనే,
మోకాళ్ళ మీద ఖాళీ కొంగ పెట్టె.
"ఒక కొంగ పూర్తిగా అయిపోయీది సుభద్రమ్మా,
రెక్కల్తో సహా."

జేబులోంచి టికెట్టు తీశాడు,
నా సంతకం చెమటకి అలుక్కుపోయింది.
రెండున్నర ఇచ్చేశారా అని అడిగాను.
ఇచ్చారన్నాడు. నదొడ్డున ఖర్చయిపోయాయంట.

నిన్న ఒక కుర్రాడు, కాశీనగర్ నుంచి, తొందరలో ఉన్నాడు.
బ్యాంకాక్‌కి ఎంతసేపు పడుతుందన్నాడు.
"ఒక మెడకి కాస్త తక్కువ," అనేశాను.
నా వైపు, కంప్యూటర్ వైపు
మార్చి మార్చి చూశాడు.
ప్రింటరులో కాగితం ఇరుక్కుంది.