అయిదు వందల అడుగుల దగ్గర

ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా
చచ్చిన ఇంజన్లను లేపడమే నా పని.
అందుకే మొదటిసారి
పక్క సీట్లోంచి కెప్టెన్ ఫిలోమిన చెయ్యి చాచి
థ్రాటిల్ మొత్తం వెనక్కి లాగేసి
"మీ ఇంజన్ పోయింది" అన్నప్పుడు
నా చెవి ముందుకు వెళ్లింది, చూపు వెళ్లలేదు.
ప్లగ్గా? కార్బురేటరా? పెట్రోల్లో నీళ్లా?

"షాపు కట్టేయండి మేస్త్రీ గారూ,
నేల చూడండి."

కింద కృష్ణ,
ఇసక తేలి, ఆరేసి మరిచిపోయిన పంచెలా.
ముక్కు దించాలి. అదే కష్టం.
పడిపోయేవాడి ఒళ్లంతా పైకే లాగుతుంది,
ఈ విద్యేమో కిందికి వంగమంటుంది.
అరవై నాట్లు.
అంతకి తగ్గితే రెక్కకి గాలి గుర్తుండదు.

గాలెటు?
దూరాన ఇబ్రహీంపట్నం గొట్టాల పొగ
పడమటికి ఒరిగింది, చాలు.
ఉయ్యూరు వైపు చెరకు. వద్దు, ఎత్తు.
హైవే నున్నగా ఉంది, నిండా మనుషులు.
తీగలు పైనుంచి కనపడవు,
స్తంభాల నీడలు లెక్కపెట్టుకోవాలి.
కాలవ పక్కన వరి కోసిన మళ్లో మినుము,
పొడుగ్గా, గాలికి ఎదురుగా.
"అదీ" అన్నాను.
"అయితే ఇంక మనసు మార్చుకోకండి."

పెట్రోలు వాల్వు, మిక్చరు, మాగ్నెటోలు,
ఉత్తుత్తి మేడే, తలుపు గడియ.
రోజూ రాత్రి షట్టర్ దించాక
ప్లాస్టిక్ స్టూలు మీద కూచుని, కళ్లు మూసుకుని
గాల్లో తడిమి తడిమి నేర్చుకున్న వరస.
మా కుర్రాడు మీరావలి ఒకసారి చూసి
"ఎవరికన్నా దండం?" అన్నాడు.

ఎనిమిది వందలు.
గట్టు మీద ఒకావిడ, చేతిలో క్యారేజీ.
ఏడు వందలు.
ఆవిడ నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.
ఆరు.
మినుము మొక్కల సందుల్లో మోళ్లు కూడా కనపడుతున్నాయి.
అయిదు వందల దగ్గర
"ఇంద, మీ ఇంజన్" అంది కెప్టెన్.
ఒక్క గర్జన, సీటు వెన్నుకి కొట్టుకుంది.

ఆవిడ చెయ్యి దించి
క్యారేజీ మూత విప్పుకునే ఉంటుంది.
తన కంచంలో దిగడానికి
నేను ఖాయం చేసుకున్న సంగతి ఆవిడకి తెలీదు.
ఆ చేను ఎవరిదో నాకూ తెలీదు.
తర్వాత మూడుసార్లు అక్కడే "పడ్డాను".
నాలుగోసారికి మినుము పీకేశారు.

నిన్న రాత్రి ఒంటిగంటకి ఫోను.
చిలకలూరిపేట దాటాక లారీ, లోడంతా మిర్చి టిక్కీలు,
ఇంజన్ పట్టేసిందట, డ్రైవరు ఏడుపు గొంతు.
ఎప్పుడైనా ముందు
"చప్పుడెలా వచ్చింది?" అనడిగేవాణ్ణి.

"పక్కకి తీశావా?" అన్నాను.
"ఇంకా దొర్లుతోందన్నా."
"దొర్లుతుండగానే తియ్యి.
ఇంజన్ సంగతి పొద్దున చూద్దాం."