అంచు చల్లగా ఉంది

హొసకోట అవతల, రింగురోడ్డుకని కొలిచి పాతిన రాళ్ల పక్కన
మా దిబ్బ.
తెల్లవారుజామున పొగలు కక్కుతుంది.
దానిమీదుగానే విమానాలు దిగుతాయి.
పైనుంచి చూసేవాళ్లకు
ఎవరో పొయ్యి ఆర్పడం మరిచారనిపిస్తుందేమో.

పదకొండు ఆవుల పేడ, పక్క షెడ్డు కోళ్ల పెంట,
రాగి గడ్డి, కొబ్బరి పీచు.
మా మామ పిళ్లప్ప ఇనుప కడ్డీ గుచ్చి
పది లెక్కపెట్టి, బయటికి లాగి
అరచేత పట్టుకునేవాడు.
చెయ్యి వెనక్కొస్తే మాగుతున్నట్టు.
చెయ్యి నిలిస్తే ఇంకా పచ్చిదే.
అదే మా శాస్త్రం. అరచేతి చర్మం తప్ప దానికి ఖర్చు లేదు.

హెబ్బాళ పశువుల కాలేజీ నుంచి షమీనా వచ్చింది
ఐసు డబ్బాతో, మోకాళ్లదాకా రబ్బరు బూట్లతో.
పొడుగాటి థర్మామీటరు నడుమ దించి "అరవై ఒకటి" అంది.
మామను తలుచుకుని నవ్వాను.
తర్వాత అంచున గుచ్చింది. చాలాసేపు చూసింది.
"ముప్పై నాలుగు, అక్కా."
చంటిపిల్ల ఒంటి వేడి కూడా కాదు.

నడుమ చచ్చేవి అంచున బతుకుతాయట.
చలిరాత్రి ఒక్క దుప్పట్లో అంచున పడుకున్నవాళ్లకు చాలనట్టే
వేడి అక్కడికి చాలదట.

"ఏ మందులు వాడతారు?"
ఏం చెప్పను.
బెళ్లికి పొదుగువాపు వచ్చిన ఏడు
మందుల కొట్టు లోకేశప్ప ఇచ్చిన సూదులు
అయిదు రోజులు పొడవమంటే మూడుకే ఆపాను.
పొదుగు మెత్తబడింది, కొంగుముడీ మెత్తబడింది.
కోళ్లకు నీళ్లలో కలిపే పసుపుపచ్చ పొడి,
రోగం వచ్చిందని కాదు, వస్తుందేమోనని.

ఒంట్లోకి పోయిన మందంతా ఒంట్లోనే ఉండదట.
వెనకనుంచి వచ్చి దిబ్బకెక్కుతుందట.
అక్కడి కంటికానని కాపురాలు
రోజూ కాస్త రుచి చూసి
చావని కిటుకు పట్టుకుంటాయట.
పట్టుకుని ఊరుకోవు.
ఊరెళ్తూ పక్కింట్లో తాళంచెవి ఇచ్చిపోయినట్టు
ఒకటి ఇంకోదానికి ఇచ్చిపోతుంది.
ఏ జాతి అని అడగదు.
మనుషుల్లో ఇంత ఇరుగుపొరుగు ఎక్కడుంది, అన్నాను.
షమీనా నవ్వలేదు.

శ్రావణంలో పార జారి బొటనవేలి పక్కన తెగింది.
పసుపు అద్దాను.
మూడు వారాలకు వాపు మోచేతిదాకా ఎక్కింది.
కె.ఆర్. పురంలో డాక్టరమ్మ చేతికిచ్చిన కాగితంలో
పద్నాలుగు మందుల పేర్లు, ఎదురుగా ఒక్కో అక్షరం.
నాకు ఇంగ్లీషు రాదు. అయినా వరస తెలుస్తుంది.
ఆర్. ఆర్. ఆర్. ఆర్.
అడుగున ఎక్కడో రెండు ఎస్‌లు,
ఎండిన చెరువులో మిగిలిన జత కొంగల్లా.
అందులో ఒకటి ఆరు రోజులు నరంలోకి ఎక్కించారు.
ఒక పడ్డ ధర.

దిబ్బ నుంచే వచ్చిందా, అని అడిగాను.
"చెప్పలేను అక్కా. ఆసుపత్రిదీ కావచ్చు, నీళ్లదీ కావచ్చు."
తిరగేస్తే పోతుందా?
"తగ్గుతుంది. పోతుందని అనలేను."
అబద్ధం చెప్పే పిల్ల కాదు. అదే కష్టంగా ఉంది.

ఇప్పుడు మూడు రోజులకోసారి తిరగేస్తున్నా.
అంచుది నడుమకు, నడుమది అంచుకు.
నిన్న పారకు టంగుమని తగిలింది.
చిన్న గాజుబుడ్డి, రబ్బరు మూతతో సహా.
గడ్డి తిన్నది, ఈకలు తిన్నది, చచ్చిన కోడినీ తిన్నది దిబ్బ,
దీన్ని మాత్రం కడిగినట్టు తిరిగిచ్చింది.
గాజుమీద అచ్చు సగం చెరిగింది.
లోపలికి పోయి ఆ కాగితం తెచ్చి పక్కన పెట్టాను.
మొదటి అక్షరం ఒకటే, వరసలో నాలుగోది.
ఆ అక్షరంతో ఎన్ని పేర్లుంటాయో, నాకేం తెలుసు.

ఆకుతోట వెంకటలచ్చుమి టెంపో ఆపి హారను కొడుతోంది.
కొత్తిమీర మళ్లకు కావాలి,
వైట్‌ఫీల్డు మేడలమీది కుండీలకు అయిదు కిలోల సంచులు కావాలి.
"మాగలేదా ఇంకా?"
నడుమ మాగింది.
"మరేం?"
కట్టు విప్పిన చేతిని అంచున ఆనించాను.
ఇంకో నెల ఆగు, అన్నాను.
ఆమె గొణుక్కుంటూ
పక్కవాళ్ల దిబ్బ వైపు టెంపో తిప్పింది.