ఆకు మర్లేసి సూడు

గంగనర్సూ, ముందుగాల నీళ్ల డబ్బా కింద పెట్టు.
కొత్తోళ్లంతా చేసే తప్పు గిదే,
ఆకు వాడిందనంగనే పోస్తరు.
చూపుడువేలు మట్టిల గుచ్చు, రెండో కణుపు దాక.
తడి తగిలిందా,
ఇయ్యాల దీనికి నీతోని పనిలేదు.
పక్కదానికి పో.

దోహల కుండీ చెట్టుకు ఎండ తెల్వది, వాన తెల్వది.
అద్దం అవుతల నలభై ఎనిమిది,
ఇవుతల ఏసీ పద్దెనిమిది.
అకౌంట్సోళ్లు స్వెటర్లేసుకొని కూసుంటరు.
గా గాలి కింద అరెకా పామ్ కొసలు
బీడీ ఆర్పినట్టు నల్లగైతయి.
రోగం కాదది. జాగ తప్పింది.
కొసలు ఏటవాలుగ కత్తిరించు, ఆకు రూపు చెడకుంట.
కుండీని రెండు జానలు అటు జరుపు.
డెకరేషన్ పాడైతదంటడు సూపర్‌వైజర్.
ఊ అను.
ఆయన పోయినంక జరుపు.

ఆకు మర్లేసి సూడు.
మీదంగ అందరు సూస్తరు, పక్కన నిలవడి ఫొటోలు దిగుతరు.
సంగతంతా కిందుంటది.
సన్నటి బూజు, దాని మీద కారం చల్లినట్టు చుక్కలు:
నీకు ఎరుకే, మీ మిరపతోటల ఎర్రనల్లి.
దానికి వీసా అక్కరలే,
పొడిగాలి యాడుంటె ఆడ పుడతది.
సబ్బునీళ్లు, మెత్తటి బట్ట, ఓపిక.
పసిపిల్ల చెవి తుడిచినట్టు ఒక్కొక్క ఆకు తుడువు.
ఐదు దినాలకు మల్ల తుడువు,
అప్పటికి గుడ్లు పగిలి ఉంటయి.
కణుపు కాడ తెల్లదూది కనవడితే పిండినల్లి,
పుల్లకు పత్తి చుట్టి ఫార్మసీ స్పిరిట్‌తోని అద్దు.

ఇగ పందొమ్మిదో ఫ్లోర్.
మీటింగ్ రూం బయట పీస్ లిల్లీ ఉండె.
మూడుసార్లు మార్చిన. మూడుసార్లు అడుగాకులు పండినయి.
కాంట్రాక్టుల అట్లనే రాసుంది,
మూడాకులు పండితే కొత్తది పెట్టు,
పాతది చెత్తలెయ్యి, ఖల్లీ వల్లీ.
వారానికి ఒక్క గ్లాసు పోస్తి నేను, ఒట్టు.
నాలుగోదాన్ని కుండీలకెల్లి గుంజి సూసిన.
వాసన తగిలింది.

మెట్‌పల్లి అవుతల మా ఎకరం పసుపుకు
దుంపకుళ్లు పడ్డ యేడు
గట్టు మీదనే తెలిసిన వాసన.
ఇరవై రెండేండ్ల సంది మర్చిపోయిన్ననుకున్న.
కార్పెట్ మీద మోకాళ్లేసుకొని కూసున్నోన్ని
కొద్దిసేపు లేవలే.

గా రాత్రి బస్సెక్కలే. లిఫ్ట్ పక్కన కాసిన.
పదిగొట్టంగ షఫీక్ వచ్చిండు, సిల్హెట్ పోరడు, టీబాయ్.
ట్రే నిండ నీళ్ల బాటిళ్లు,
సార్లు ఒక్క గుక్క తాగి ఇడిసినవి.
ఒక్కొక్క మూత తీసి లిల్లీకి పోస్తుండు,
నోట్లె ఏందో అనుకుంట.
నన్ను సూసి ట్రే దడదడలాడింది.
"మా ఊరు యేటా మునుగుతది భాయ్.
తాగే నీళ్లకు మాత్రం పడవల పోవాలె.
సింకుల పారబోయ చేతులొస్తలేవు."

తిడదామని దాచుకున్న మాట ఒకటుండె.
మింగిన.

కుళ్లిన ఏర్లు తీసేసినం ఇద్దరం,
గట్టిగున్నవి మూడు మిగిలినయి.
కోసిన కాడ అద్దనీకి రూంల వంట డబ్బాలకెల్లి
చిటికెడు పసుపు తెచ్చిన.
అద్దేటప్పుడు ఏం యాదికొచ్చిందో నీకు చెప్ప.
పొడి మట్టి, కొత్త కుండీ, పది దినాలు నీళ్లు బంద్.
షఫీక్‌కు ఒక బకెట్ ఇచ్చిన, సింకు కింద.
దాంట్ల పోస్తడు.
పొద్దుగాల నేను ట్రాలీ మీద పెట్టుకొని
దాహమున్న ఫ్లోర్లకు పంచుత.
రేపటికెల్లి నువ్వు.

రిపోర్టుల ఏం రాయాల్నంటవా?
కారణం దగ్గర 'నీళ్లెక్కువ' అని రాయి.
ఎవలు పోసిండ్రన్న గడి ఒకటుంటది పక్కన,
గది ఖాళీగ ఇడువు.