సానపొడి

గలీసియాలో వాన ఋతువు కాదు,
ఇంటి మనిషి.
తలుపు తీస్తే వస్తుంది, తీయకపోయినా వస్తుంది.

అట్లాంటి వానలో గొడుగు లేకుండా
ఏప్రన్ జేబులో కత్తి పెట్టుకుని
ఎర్మిండా వస్తుంది నా కొట్టుకి,
ఏడాదికి రెండుసార్లు.
చెస్ట్‌నట్ కాయలు రాలేటప్పుడొకసారి,
సార్డీన్లకి కొవ్వు పట్టేటప్పుడొకసారి.

సైకిలుకి సానచక్రం బిగించుకుని
మా నాన్న ఊరూరా తిరిగిన రోజుల నుంచీ
అదే కత్తి.
వీధి మలుపులో ఆయన కొయ్య ఈల వినబడితే చాలు
మేడమెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలయ్యేదట.
ఆ ఈల ఇప్పుడు నా గోడమీద మేకుకి వేలాడుతోంది.
నాకు ఊదడం రాదు.
అమ్మమని అడిగినవాళ్ళున్నారు.
సరే, నా గొడవ ఎందుకిప్పుడు.

నేను మొదటిసారి చూసినప్పుడు
అది నాలుగు వేళ్ళ వెడల్పు.
ఇప్పుడు యూకలిప్టస్ ఆకంత.
మధ్యలో చిన్న వంపు,
టర్నిప్ కాడలు ఎప్పుడూ ఒకే చోట పెట్టి కోస్తుందామె.
విరిగిన పిడికి వలదారం చుట్టినవాడు అమారో,
ఆమె మొగుడు, ఎడమచేతి వాటం మనిషి.
ముడి తప్పుడు పక్కన పడింది.

"మొదటి ఏడాదంతా బొటనవేలికి గుచ్చుకునేది,"
అందొకసారి,
"తర్వాత వేలే దారిచ్చింది."

"ఆరు యూరోలు పడేస్తే కొత్తదొస్తుంది కదా," అన్నాను.
వ్యాపారం తెలియని మాట, నాకే నష్టం.

"దీనిమీద ప్రేమ కారిపోతోందనుకుంటున్నావా?
మనసుపడి కొన్నది కాదు.
కాఫీ పొట్లాల కూపన్లు అతికిస్తే ఊరికే వచ్చింది.
నేనాశపడింది పూల పళ్ళేలకి.
అవి పక్కింటి ఒబ్డూలియాకి వచ్చాయి.
మూడేళ్ళు మాట్లాడలేదు దానితో."

డబ్బులు లెక్కపెడుతూ ఆగి
ఉన్నట్టుండి అడిగింది:
"ఇంతకీ మిగతా సగం ఎటు పోయిందంటావు?
మేమే తినేశామా, సూపులో?"

నవ్వేశాను.
ఆ రాత్రి నవ్వు రాలేదు.

చక్రం కింద రేకు తొట్టి ఉంటుంది,
అడుగున బూడిదరంగు బురద.
రాయి సగం, ఇనుము సగం,
ఎవరిది ఏదో చెప్పలేని ముద్ద.
కసాయి ఉబాల్దో గొడ్డలి, దర్జీ కత్తెర,
పెళ్ళికి ముందురోజు ఎవరో పరుగున తెచ్చిన కేకు కత్తి,
అన్నీ అందులోనే.
నాన్న దాన్ని చెంచాతో గీకి
పెరట్లో హైడ్రేంజియా మొదట్లో వేసేవాడు.
ఇనుము తింటే పూలు నీలంగా పూస్తాయని నమ్మకం.
నిజమో కాదో.
ఆయన పోయాక నేనూ వేస్తున్నాను,
పూలు నీలంగానే పూస్తున్నాయి.

అంటే ఎర్మిండా,
నీ కత్తిలో సగం నా పెరట్లో ఉంది.
ఆ మాట ఆమెకి చెప్పాలని
ఆరునెలలు నోట్లో పెట్టుకు తిరిగాను.

మొన్న వచ్చింది.
వాన సరేసరి.
కత్తి చేతిలోకి తీసుకుంటే
అటువైపు కిటికీ వెలుగు కనిపిస్తుందేమోనన్నంత పలచన.
ఇంకో నాలుగుసార్లు పడితే ఉండదు.
చెయ్యి ఆడలేదు.
చక్రం తిప్పాను గాని
రాయికి వెంట్రుకవాసి దూరంలో పట్టుకున్నాను.
చప్పుడుంది, నిప్పురవ్వ లేదు.
తుడిచి ఇచ్చాను, పనైపోయినట్టు.

ఆమె బొటనవేలు అంచుమీద అడ్డంగా కదిలింది.
నలభై ఏళ్ళ వేలు.
దాన్ని మోసం చేద్దామనుకున్నవాణ్ణి నేను.

"పదును రాలేదు."

"అరిగిపోతోంది ఎర్మిండా,
కొన్నాళ్ళుంటుందని..."

"ఉండి?"

కత్తి బల్లమీద పెట్టింది.
ముడి ఉన్న వైపు తనకేసి తిప్పుకుని,
మళ్ళీ నాకేసి తోసింది.

"దాచుకోడానికి అల్మరాలో
ఒబ్డూలియా పళ్ళేలున్నాయి.
చచ్చేముందు నాకే ఇచ్చి పోయింది.
ఇవాళ్టికీ వాటిలో ఒక్క ముద్ద తినలేదు నేను.
సరిగా పట్టు.
రాత్రికి గుమ్మడికాయ కొయ్యాలి."

పట్టాను.
రవ్వలు లేచాయి.
నీలం పూల సంగతి
ఈసారీ చెప్పలేదు.