పై ముప్పై సెంటీమీటర్లు

పళ్ళికరణైలో మోకాలిలోతు నీళ్ళలో నిలబడి
వరదయ్య పైపును బురదలోకి దించాడు.
సుత్తి దెబ్బకు అంగుళం,
అంగుళానికో తిట్టు, తమిళంలో సగం, తెలుగులో సగం.
అవతల చెత్తకుప్ప మీద గద్దలు తిరుగుతున్నాయి.
మూడు మీటర్లు దిగాక పైపు ఆగింది,
పొలమారినవాడిలా.

తరమణి ల్యాబులో దాన్ని నిలువునా చీల్చాం.
ముందు వాసన లేచింది:
కుళ్ళిన గుడ్డు, తుప్పు, మూతపెట్టి మరిచిన బావి.
తర్వాత రంగులు.
నలుపు, బూడిద, మళ్ళీ నలుపు,
నడుమ ఒకచోట గుల్లల తెల్లటి గీత
ఎవరో గోటితో గీరినట్టు.

నా పని కొయ్యడం.
అర సెంటీమీటరుకో ముక్క, ముక్కకో సంచి, సంచికో నంబరు.
ఇక్కడ అర సెంటీమీటరంటే దాదాపు ఆరేళ్ళు.
రెండువందల పదకొండో సంచిలో అంతా గడ్డి పుప్పొడే,
వానలు మొహం చాటేసిన కాలం.
నాలుగువందల ముప్పైలో మడచెట్లు:
సముద్రం పిలవకుండానే లోపలికొచ్చి
చాలా తరాలు కూర్చుంది.
ఈ పుప్పొడికి రాజులు తెలియరు, ఊళ్ళు తెలియవు.
ఎంత తడి, ఎంత ఉప్పు,
అడిగితే అంతవరకే చెబుతుంది.

ఒక గుల్లను వయసు కట్టమని పంపాం.
కాగితం వచ్చింది:
రెండువేల నూటపది ఏళ్ళు, అటూ ఇటూ నలభై.

అటూ ఇటూ నలభై.

మా అమ్మ బతికింది ముప్పై ఎనిమిది.
ఆమె పెళ్ళి, మూడు కాన్పులు,
వ్యాసర్పాడి పంపు దగ్గర బిందెల తగవులు,
దగ్గి దగ్గి పోయిన ఆ మార్గశిరం
అన్నీ ఆ తేడాలో పట్టేస్తాయి.
ఇంకా రెండేళ్ళ జాగా మిగులుతుంది.
ఆ రెండేళ్ళూ ఆమెకిచ్చి చూశాను, ఒకటి రెండుసార్లు,
సంచులు మూస్తూ మూస్తూ.

"పై ముప్పై సెంటీమీటర్లు వదిలెయ్,
చెదిరిపోయింది" అన్నారు మేడం.
నిజమే. పాలకవరు మూల, గడ్డం బ్లేడు,
సిమెంటు పొడి, ఎవరి పిల్లదో చెవి రింగు.
లెక్కకు రాని మట్టి.
కాలమంటే కింద ఉన్నదే,
పైన ఉన్నది మనం.

పైపులు కడగడానికి వచ్చిన వరదయ్య
ఆ పై ముక్క మీదికి వంగాడు.
అందులో ఒక ఇసుక పొర, వేలెడు మందం.
"ఇది ఆ డిసెంబరా?"
"కావచ్చు."
ఆ డిసెంబరు రాత్రి వేళచ్చేరిలో
కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని
వాటర్ ట్యాంకు పక్కన తెల్లారేదాకా నిలబడ్డాడట.
దిగి వచ్చేసరికి ఇంటికి గోడలున్నాయి, ఇల్లు లేదు.
వాళ్ళమ్మ కంచి వరదుణ్ణి తలుచుకుని పెట్టిన పేరు,
ఆ ఏడాది నుంచి
పేరు చెప్పిన ప్రతిచోటా జనం నవ్వుతున్నారట.

బొటనవేలు ఆ ఇసుక పక్కన ఆనించి
కొలుచుకున్నాడు.
"ఇంతేనా?" అన్నాడు.

దానికి నా దగ్గర నంబరు లేదు.
ఫ్రిజ్‌లో అట్టడుగు అరలో,
అందరి కంటే పాతవాటి వెనకాల,
ఆ ముక్కను దాచాను.
సంచి మీద వరదయ్య అని రాశాను.
ఎవరైనా అడిగితే
తవ్విన చోటు పేరంటాను.