పిండి తొట్టి

నా మీద ఫిర్యాదు లేదు.
జేలండ్ తీరాన, ఈ కట్ట వెనకాల ఊళ్ళో
ఎవరినడిగినా చెబుతారు:
లేన్‌డర్ట్ తాగడు, తూకంలో మోసం చెయ్యడు,
ఆదివారం నాడు సైకిలైనా ఎక్కడు.
నల్ల కోటేసుకుని గుడికి నడిచే వెళ్తాడు,
జేబులో రెండు పిప్పరమెంటు బిళ్ళలు,
ఒకటి పెద్ద ప్రార్థనకి, ఒకటి ప్రసంగానికి.

చెయ్యకూడనివన్నీ నాకు కంఠతా వచ్చు.
మా అమ్మ వాటిని పలక మీద రాయించి
తుడవనిచ్చేది కాదు.

రొట్టెల క్రైన్ సంగతి వేరు.
బూతు లేకుండా వాడికి పొయ్యి రాజుకోదు.
నాకు పదకొండు గిల్డర్లు బాకీ.
గుళ్ళో వెనక బల్ల మీద గురక.
పెద్దల సభలో వాడి పేరు రెండుసార్లు చదివాం.
చదివింది నేనే.

ఆ ఫిబ్రవరి రాత్రి కట్ట తెగింది.
శనివారం ఆదివారంలోకి జారే వేళ
సముద్రం తలుపు తట్టలేదు,
కిటికీలోంచి వచ్చి ఆవుల పాక వెతుక్కుంది.
అటక మీద నేను, పీటర్‌నెల్ల, ఒక లాంతరు.
కింద కిటికీ ఊచకి కట్టిన నా పడవ,
పోయిన వేసవిలో రంగేసింది,
గోడని కొడుతూనే ఉంది.

అవతల యాకొమీనా వాళ్ళ ఇంటి కప్పు మీంచి
ఒక కేక.
కాసేపటికి మాటలు.
తర్వాత మళ్ళీ కేకే.

ప్రభువా, నేను అబద్ధమాడి ఎరగను గదా:
ఆదివారమని ఆగలేదు నేను.
అలా అని తర్వాత చెప్పుకున్నాను.
నాకు భయమేసింది. ఆ భయం మీద
నీ ఆజ్ఞ కప్పాను, చలికి దుప్పటిలా.
మోకాళ్ళూని ఆ ఇంటివాళ్ళ కోసం ప్రార్థించాను,
తొమ్మిది నెలల పసివాడితో సహా
ఒక్కొక్కరినీ పేరుపెట్టి.
"ముడి విప్పు" అంది పీటర్‌నెల్ల.
"చీకటి" అన్నాను.
"పోనీ నేను విప్పుతా" అంది.
ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను.
అదీ ఏ పలక మీదా లేదు.

అప్పుడొచ్చాడు క్రైన్.
వాడికి పడవెక్కడిది?
పిండి పిసికే చెక్క తొట్టిలో కూచుని,
రొట్టెలు తీసే పొడుగాటి గరిటె తెడ్డేసుకుంటూ,
సముద్రాన్ని దాని అమ్మమ్మదాకా తిడుతూ
మా కిటికీ కిందుగానే పోయాడు.
పైకి చూళ్ళేదు.
చూసి, నన్నో తిట్టు తిట్టి ఉంటే బాగుండేది.

తొట్టిలో ఇద్దరే పడతారు.
నాలుగుసార్లు వెళ్ళాడు.
మూడుసార్లు ఎవర్నో తెచ్చాడు.
నాలుగోసారికి అక్కడ కప్పు లేదు.

నా పడవలో ఎనిమిది మంది పడతారు.

నీళ్ళు తీశాక, మార్చిలో,
వాడు మా గుమ్మంలో నిలబడి
పదకొండు గిల్డర్లు లెక్కపెట్టాడు,
ఉప్పుకి బిరుసెక్కిన నోట్లు.
తీసుకున్నాను.
బాకీ తీసుకోవడం తప్పు కాదు.

పీటర్‌నెల్ల ముప్ఫై ఎనిమిదేళ్ళు
ఆ రాత్రి ఊసెత్తలేదు.
పోయే ముందు మాత్రం, జ్వరంలో,
తన చెయ్యి నా చేతిలోంచి లాక్కుంది.

ఇప్పుడు ఎదురింట్లో బోస్నియా నుంచి వచ్చినవాళ్ళు.
మొన్న ఆదివారం మొదటి గంట కొడుతుంటే
సెనాడా తలుపు బాదింది,
భుజాన పిల్ల, పిల్లకి ఊపిరందడం లేదు,
ఆమె మాట నాకు ఒక్కటీ తెలీదు.
కోటు తొడుక్కుని ఉన్నాను.
కట్ట మీద జనం గుడికి నడుస్తున్నారు.
కారు తాళాలు మేకుకి వేలాడుతున్నాయి.

మేకుదాకా ఏడడుగులు.
ముడి విప్పడానికీ
అంతే పట్టేది.

జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు.
ఎవరో టోపీ తీశారు, అలవాటు కొద్దీ.

దీంతో ఆ లెక్క తీరదు. తీర్చమని అడగను.
ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూచున్నాను,
ఇక్కడిదాకా గంట వినపడదు.
పొద్దెక్కాక పిల్ల లేచి కూచుని
నా కోటు జేబులో చెయ్యి పెట్టింది.
రెండు బిళ్ళలూ
తనే తీసుకుంది.